సెల్‌ఫోను కెమెరా ముందు తడబడకుండా మాట్లాడటం ఎలా?

"అరవై మంది పిల్లల ముందు గంటసేపు పాఠం చెప్తాను. ఏనాడూ గొంతు వణకలేదు. ఫోను ఎదురుగా పెట్టుకుంటే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతోంది" అన్నారు ఒక లెక్కల మాస్టారు. మిరప రైతులకు సలహాలిచ్చే వ్యవసాయ అధికారి, ఇంటి నుంచే చీరలు అమ్మే గృహిణి, వీడియో ఇంటర్వ్యూకి కూర్చోబోయే కుర్రవాడు కూడా అడిగింది దాదాపు ఇదే.

ఒక చిన్న రికార్డింగు గదిలో కెమెరా వెనక నిలబడటం నా పని. తడబడేవాళ్లను రోజూ చూస్తుంటాను. వాళ్లు పిరికివాళ్లని ఎప్పుడూ అనిపించలేదు. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు కావాలి కదా. ఎదుటివాళ్లు తల ఊపితే ముందుకు సాగుతాం, కనుబొమ్మ ముడిస్తే అదే మాట మళ్లీ చెప్తాం. కెమెరా ఊఁ కొట్టదు. ఆ లోటు ఎలా పూడ్చుకోవాలన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం. వెలుతురు, మైకు, కూర్చునే తీరు కూడా చెప్తాను, ఎందుకంటే అవి కుదరకపోతే ఎంత బాగా మాట్లాడినా దక్కదు.

కావలసినవి: మామూలు స్మార్ట్‌ఫోను, దాన్ని నిలబెట్టడానికి ట్రైపాడ్ లేదా ఎత్తయిన బల్ల, తీగ ఉన్న చిన్న కాలర్ మైకు, ఒక కిటికీ, ఒక బొట్టుబిళ్ల. చివరిది ఎందుకో తర్వాత చెప్తాను.

1. ఎవరితో మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి

"ప్రేక్షకులందరికీ" అనుకుని మొదలుపెడితే గొంతు సభలో ఉపన్యాసంలా పైకి లేస్తుంది. మీ వీడియోను చూసేవాళ్లు మాత్రం మంచం మీద పడుకునో, బస్సులో కూర్చునో, ఒంటరిగా చూస్తుంటారు. అందుకే ఒక్క మనిషిని ఎంచుకోండి. ఊహించుకున్న మనిషి పనికిరాడు. పేరు, ముఖం ఉన్న నిజమైన మనిషి కావాలి.

పైన చెప్పిన వ్యవసాయ అధికారి మొదటిరోజు ఆరు టేకులు చేశారు, అంటే ఆరుసార్లు మొదటినుంచి రికార్డు చేశారు. ఆరూ ఆఫీసు సర్క్యులర్ చదివినట్టే వచ్చాయి. మీ ఇంట్లో మిరప వేసేవాళ్లు ఉన్నారా అని అడిగాను. మేనమామ ఉన్నారన్నారు. ప్రతి వాక్యం ముందూ "మామయ్యా" అని చేర్చి ఒకసారి మొత్తం చెప్పమన్నాను. "మామయ్యా, పూత మీద ఉన్నప్పుడు పొద్దున పూట మందు కొట్టకండి. తేనెటీగలు తిరిగే వేళ అది" అన్నారు. గొంతు, ముఖం రెండూ మారిపోయాయి. తర్వాత టేకులో "మామయ్యా" అన్న మాట పైకి అనకుండా మనసులో మాత్రం అనుకోమన్నాను. అదే ఆఖరి టేకు అయింది.

వీలుంటే ఆ మనిషినే, లేదా ఇంట్లో ఎవరినైనా, కెమెరాకు సరిగ్గా వెనక కూర్చోబెట్టండి. నోటితో ఊఁ అనకూడదు, మైకులో పడుతుంది. తల ఊపితే చాలు. ఎవరూ దొరకకపోతే ఒక ఫొటో అతికించుకున్నా కొంత నయం.

2. చెప్పబోయేది రాసుకోండి, నోటితో రాసుకోండి

మనలో చాలామందికి కలం పట్టగానే వేరే తెలుగు వచ్చేస్తుంది. "పురుగుమందుల పిచికారీని సాయంకాల సమయంలో చేపట్టవలసి ఉంటుంది" అని రాస్తాం. అది కెమెరా ముందు చదవబోతే నోరు తిరగదు, తిరిగినా మీ మాటలా ఉండదు. "మందు సాయంత్రం పూట కొట్టండి" అని ఇంట్లో ఎలా అంటారో అలాగే రాసుకోండి.

దీనికి సులువైన పద్ధతి ఒకటుంది. విషయాన్ని స్నేహితుడికి ఫోనులో చెప్పినట్టు చెప్తూ ధ్వని మాత్రమే రికార్డు చేసుకోండి. దాన్ని వింటూ కాగితం మీద పెట్టండి. అడ్డదిడ్డంగా ఉన్నచోట్ల సరిదిద్దుకోండి. మీ స్క్రిప్టు సిద్ధం.

నిడివికి నా కొలత: తీరిగ్గా మాట్లాడితే నిమిషానికి నూరు పదాలు. మూడు నిమిషాల వీడియోకు మూడువందల పదాలు. మొదటిసారి చేసేవాళ్లు మూడు నిమిషాలు దాటవద్దు.

రాసుకున్నదంతా బట్టీ పట్టకండి. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా నోటికి రావాలి. మధ్యలో చెప్పవలసిన అంశాలకు ఒక్కో గుర్తుమాట రాసి, పెద్ద అక్షరాలతో కెమెరా పక్కన అతికించుకోండి. ఐదు మాటలు మించితే కళ్లు అటే తిరుగుతుంటాయి.

అంకెలను పలికే విధంగా రాయండి. "2.5 మి.లీ." అని ఉంటే చదివేటప్పుడు ఆగిపోతారు. "రెండున్నర మిల్లీలీటర్లు" అని ఉంటే ఆగరు.

"హాయ్ అందరికీ నమస్కారం, ఎలా ఉన్నారు, ఈ రోజు వీడియోలో మనం తెలుసుకోబోయేది ఏమిటంటే" అనే మొదలు వద్దు. చూసేవాడి బొటనవేలు అప్పటికే తెరను జరిపేస్తుంది. ఒక్క నమస్కారం పెట్టి విషయంలోకి దిగండి: "నమస్కారం. మిరప పూత రాలిపోతోందా? మందు కొనేముందు ఈ మూడూ చూసుకోండి."

టెలిప్రాంప్టర్, అంటే రాసుకున్నదాన్ని తెరమీద జరుపుతూ చూపించేది, వాడాలా అని చాలామంది అడుగుతారు. వాడితే ఫోనుకు కనీసం ఐదారు అడుగుల దూరంలో కూర్చోండి. వరుసకు మూడు నాలుగు పదాలకు మించకుండా సన్నటి పట్టీలా పెట్టుకోండి. దగ్గరగా కూర్చుని వెడల్పాటి వరుసలు చదివితే కనుపాపలు గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగడం అందరికీ కనిపిస్తుంది. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ టెలిప్రాంప్టర్ లేకుండానే చదివారు. నామట్టుకు నేను మొదటి పది వీడియోల దాకా దాన్ని ముట్టుకోవద్దనే చెప్తాను.

3. వెలుతురు: కిటికీకి ఎదురుగా కూర్చోండి

కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. కిటికీ మీ ముందు, ఫోను కిటికీకి మీకు మధ్య ఉండాలి. ఎండ నేరుగా ముఖం మీద పడకూడదు. ఉత్తరం వైపు కిటికీ ఉంటే ఏడాదిలో ఎక్కువ రోజులు నిలకడైన వెలుతురు వస్తుంది. తూర్పు కిటికీ అయితే ఎండ గదిలోంచి తప్పుకున్నాక మొదలుపెట్టండి, లేదా పలచటి తెల్ల పంచె కిటికీకి కట్టండి.

ముఖంలో ఒక పక్క మరీ చీకటిగా ఉంటే ఆ పక్కన, ఫ్రేములో పడకుండా, తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెట్టండి. సినిమా షూటింగుల్లోనూ ఈ పని థర్మోకోల్‌తో చేస్తారు.

నడినెత్తిన ఉన్న ట్యూబులైటు ఒక్కటే నమ్ముకోకండి. కళ్ల కింద గుంటలు పడ్డట్టు, పదేళ్లు పైబడ్డట్టు చూపిస్తుంది. రాత్రిపూట తప్పకపోతే టేబుల్ లైటును గోడవైపు తిప్పి, గోడ మీద నుంచి వెలుతురు మీ ముఖం మీద పడేలా చూడండి.

రాత్రి తీసిన వీడియోలో సన్నటి చారలు జారుతున్నట్టు కనిపిస్తే ఫోను చెడిపోయిందని కంగారుపడకండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది. దానివల్ల కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గాని సెకనుకు 30 ఫ్రేములతో, అంటే 30 విడి బొమ్మలతో, తీసే కెమెరాకు తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో 25 ఫ్రేములు ఉంటే అది ఎంచుకోండి. షట్టర్ వేగం (ఒక్కో బొమ్మకు వెలుతురు పట్టే సమయం) మార్చే వీలుంటే సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. అమెరికాలో ఉన్నవారికి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములే సరిపోతాయి.

4. ఫోను ఎక్కడ, ఎలా పెట్టాలి

వెనక కెమెరాతోనే తీయండి. చాలా ఫోనుల్లో ముందు కెమెరా కంటే అదే మెరుగు. మరో లాభం, మీ ముఖం మీకు కనిపించదు. తెరలో తనను తాను చూసుకుంటూ జుట్టు సవరించుకోని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

లెన్స్ మీ కళ్ల ఎత్తుకు రావాలి. బల్ల మీద పుస్తకాలు పేర్చి దాని మీద పెట్టినా సరే. ఫోను కిందుంటే గడ్డం, ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి. పైనుంటే తప్పు చేసి నిలబడ్డ పిల్లవాడిలా కనిపిస్తారు.

నాలుగైదు అడుగుల దూరం ఉంచండి. ఫోనును ముఖానికి దగ్గరగా పెడితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. దగ్గరగా కనిపించాలనుకుంటే 2ఎక్స్ లెన్స్ ఉన్న ఫోనులో అది నొక్కండి, ఫోనును మాత్రం జరపకండి. తల పైన నాలుగు వేళ్ల ఖాళీ, కళ్లు ఫ్రేము పై భాగంలో మూడోవంతు గీత దగ్గర, కింద ఛాతీ వరకు, చేతులు కదిలితే కనిపించేలా.

ఫోను తెరమీద ముఖం కనిపించేచోట వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోనుల్లో వెలుతురు, ఫోకస్ అక్కడ స్థిరపడి తాళం గుర్తు వస్తుంది. ఇది మరిచిపోతే మీరు చెయ్యి ఊపిన ప్రతిసారీ బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

రికార్డు నొక్కేముందు చూసుకోవలసినవి:

- లెన్స్‌ను మెత్తటి బట్టతో తుడిచారా? (జేబులో తిరిగిన ఫోను మీద వేలి జిడ్డు ఉంటుంది. బొమ్మ మసకగా ఉందని తెచ్చే ఫిర్యాదుల్లో సగం దీనివల్లే.)
- ఫ్లైట్ మోడ్ పెట్టారా? మంచి టేకు మధ్యలోనే బ్యాంకువాళ్లు లోను కావాలా అని ఫోను చేస్తారు.
- ఛార్జింగు సగానికి పైన ఉందా? ఖాళీ కనీసం 5 జీబీ ఉందా?
- వీడియో నాణ్యత 1080పీ పెట్టారా? 4కే అవసరం లేదు, ఫోను నిండిపోతుంది.
- వెనక గోడకు క్యాలెండరు మేకు మీ తలలోంచి మొలిచినట్టు ఉందా?

5. శబ్దం: బొమ్మ కంటే దీని మీదే ఎక్కువ ఖర్చు పెట్టండి

బొమ్మ కొంచెం బాగా లేకపోయినా జనం చూస్తారు. మాట వినపడకపోతే క్షణం ఆగరు. చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతే లైటు మానేసి మైకు కొనండి.

కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద పెట్టండి. చీర కట్టుకుంటే జాకెట్టు అంచుకు, పైట తగలనిచోట. గంజి పెట్టిన కాటను, పట్టు రెండూ గరగరమంటాయి. నల్లపూసలు, గొలుసు మైకుకు తగిలితే వినేవాళ్లకు గులకరాళ్లు దొర్లినట్టు ఉంటుంది. గాజులు తీసేయనక్కరలేదు, రెండు మూడు ఉంచుకుని చేతులు నెమ్మదిగా కదపండి.

ఫ్యాను ఆపక తప్పదు. వేసవిలో ఇది శిక్షే. టేకుకు టేకుకు మధ్య ఫ్యాను వేసుకుని, చెమట తుడుచుకుని, మళ్లీ ఆపి కూర్చుంటాం మేము. వంటింట్లో కుక్కరు ఎక్కడుందో కనుక్కోండి. వీధిలో కూరగాయల ఆటో మైకు ఏ వేళకు వస్తుందో, గుడిలో పాటలు ఎప్పుడు మొదలవుతాయో మీకే తెలుసు. దానికి తగ్గట్టు వేళ పెట్టుకోండి.

గది గుయ్యిమంటోందా? చప్పట్లు ఒకసారి కొట్టి వినండి. ప్రతిధ్వని ఉంటే పరుపులు, బొంతలు, కర్టెన్లు ఉన్న పడకగదికి మారండి. ఫోను వెనక వైపు రెండు దుప్పట్లు దండెం మీద వేలాడదీసినా తేడా తెలుస్తుంది.

ఇక్కడ నా చేదు అనుభవం ఒకటి. ఒక డాక్టరుగారి నలభై నిమిషాల ప్రసంగం రికార్డు చేశాను. మైకు పిన్ను పూర్తిగా దిగలేదు. ఫోను తన సొంత మైకుతో పక్క గదిలోని గిన్నెల చప్పుడుతో సహా పట్టుకుంది. ఆయన మళ్లీ కూర్చున్నారు, అది ఆయన మంచితనం. అప్పటినుంచి ప్రతిసారీ పది సెకన్లు రికార్డు చేసి, ఇయర్‌ఫోను పెట్టుకుని విన్నాకే అసలు పని మొదలుపెడతాను. పరీక్షకు మైకు మీద గోరుతో గీయండి. గీత గట్టిగా వినపడితే ఆ మైకే పనిచేస్తున్నట్టు.

6. బట్టలు, ముఖం

ఎక్కువ ఆలోచించకండి. సన్నటి గీతలు, చిన్న గళ్లు, దగ్గర దగ్గర నేత చుక్కలు తెరమీద అలలు అలలుగా మెరమెరలాడతాయి. తళతళలాడే తెలుపు, వెడల్పాటి జరీ వద్దు. ఒకే రంగు బట్ట, వెనక గోడ రంగుకు భిన్నంగా ఉంటే చాలు. ముక్కు, నుదురు మీద జిడ్డు తుడుచుకుని పలచగా పౌడరు అద్దుకోండి, మగవాళ్లు కూడా. కళ్లజోడులో కిటికీ మెరిస్తే జోడు కాడలను చెవుల మీద కొంచెం పైకి ఎత్తండి, అద్దాలు కిందికి వాలి మెరుపు పోతుంది.

7. ముందు పది నిమిషాలు

ఈ వరుసలోనే చేయండి:

1. గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు. కడుపు నిండా తిని కూర్చోకండి, ఊపిరి అందదు.
2. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ నోటితో వదలండి. ఐదుసార్లు.
3. భుజాలు చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదిలేయండి.
4. నోరు వదులు కావడానికి "లక్ష భక్ష్యాలు భక్షించేవాడికి ఒక భక్ష్యం లక్ష్యమా" మూడుసార్లు, మొదట నెమ్మదిగా. తర్వాత "ఎర్ర లారీ, తెల్ల లారీ". పిల్లలు నవ్వితే ఇంకా మంచిది, మీరూ నవ్వుతారు.
5. మొదటి రెండు వాక్యాలు పైకి అనండి.

కుర్చీ అంచున కూర్చోండి, వీపు ఆనించకండి. రెండు పాదాలూ నేల మీద ఉండాలి. తిరిగే కుర్చీ వద్దు. మీకు తెలియకుండానే ఊగుతారు.

8. చూపు ఎక్కడ

ఇప్పుడు బొట్టుబిళ్ల తీయండి. దాన్ని లెన్స్ పక్కనే, లెన్స్‌ను కప్పకుండా అతికించండి. ఫోను వెనక మూడు నాలుగు లెన్స్‌లు ఉంటే ఏది చూడాలో తెలియక కళ్లు తడుముకుంటాయి. వేలితో ఒక్కోటి మూసి, తెర నల్లబడేది ఏదో ముందే కనిపెట్టండి. బిళ్ల దాని పక్కన పెట్టాలి.

ఆ బిళ్లను గుడ్లప్పగించి చూడకండి. నిజమైన మనిషితో మాట్లాడేటప్పుడు కూడా గుర్తు తెచ్చుకోవాలంటే ఒక క్షణం చూపు తిప్పుతాం. అలాగే తిప్పండి, కిందికి లేదా ఒక పక్కకు. కాని వాక్యం చివర మాత్రం కళ్లు లెన్స్ మీదికి వచ్చి ఉండాలి. వాక్యం ముగించి, లెన్స్‌ను చూస్తూ అర క్షణం ఆగండి. మీ మేనమామ ఊఁ కొట్టే జాగా అది. ఆయన ఊఁ అన్నట్టు మనసులో విని, అప్పుడు తర్వాతి వాక్యం ఎత్తుకోండి.

చూసేవాళ్లకు ఈ అర క్షణం నిశ్శబ్దం తడబాటుగా కనిపించదు, నిబ్బరంగా కనిపిస్తుంది. "అంటే", "అన్నమాట", "సో", "ఆఁ" అనే ఊతపదాలు చాలావరకు ఈ ఖాళీని పూడ్చడానికే దూరతాయి. ఖాళీని ఊఁకి వదిలేస్తే అవి తగ్గుతాయి. ఊతపదాలు మానాలని పళ్లు బిగిస్తే తగ్గవు, ఇది నేను చాలామందిలో చూశాను.

9. గొంతు: క్రియను మింగేయకండి

అందరూ వేగం గురించే చెప్తారు. తెలుగులో అంతకంటే పెద్ద చిక్కు వాక్యం చివర ఉంది.

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునో కాదో కూడా అక్కడే తేలుతుంది. "పూత మీద ఉన్నప్పుడు పొద్దున పూట ఈ మందు కొట్ట..." వరకు రెండు సలహాలకూ ఒకటే. తర్వాత వచ్చేది "వచ్చు" అయితే ఒక అర్థం, "కూడదు" అయితే సరిగ్గా దానికి విరుద్ధం. ఊపిరి అయిపోయి వాక్యం చివర గొంతు కిందికి జారితే పోయేది ఆ ముక్కే. వినేవాడు అసలు సంగతి తప్ప అన్నీ వింటాడు.

సాధన ఇలా చేయండి. స్క్రిప్టులో ప్రతి క్రియ కింద గీత పెట్టండి. మొదటిసారి చదివేటప్పుడు గీత ఉన్న మాటను మిగతా వాక్యం కంటే గట్టిగా, నాటకంలోలా పలకండి. రెండోసారి కాస్త తగ్గించండి. మూడోసారికి మామూలుగా వస్తుంది, మింగుడు పోతుంది. వాక్యం పొడవై ఊపిరి అందకపోతే గొంతును నిందించకండి, వాక్యాన్ని రెండుగా విరవండి.

ఉచ్చారణ విషయంలో శ, ష, స తేడా, ళ, ణ, ఒత్తులు మీకు సహజంగా ఎంత వస్తే అంత చాలు. కొత్తగా మైకు దొరికిందని ప్రతి ఒత్తునూ నొక్కితే వార్తలు చదివేవాళ్లను అనుకరిస్తున్నట్టు ఉంటుంది. మీ ఊరి యాస ఉంటే ఉండనివ్వండి. పేర్లు మాత్రం, ముఖ్యంగా మందుల పేర్లు, ఊళ్ల పేర్లు, ముందే పదిసార్లు పలికి చూసుకోండి.

10. చేతులు

ఒడిలో దాచకండి, కట్టుకోకండి. మొదలుపెట్టేటప్పుడు బొడ్డు ఎత్తులో ఒక అరచేతిలో మరొకటి వదులుగా ఉంచండి. మాట్లాడుతుంటే అవే లేస్తాయి. ఛాతీకి నడుముకు మధ్య తిరిగితే బాగుంటుంది. "మూడు సంగతులు" అన్నప్పుడు మూడు వేళ్లు చూపించండి. చేతిలో చూపించడానికి వస్తువు ఉంటే, మిరప కొమ్మో, చీర కొంగో, సగం బెదురు అక్కడే పోతుంది. వస్తువును మీ ముఖం పక్కకు తెచ్చి రెండు సెకన్లు కదపకుండా పట్టుకోండి.

11. టేకుల వరుస

1. రికార్డు నొక్కి, కూర్చుని, మూడు లెక్కపెట్టండి. ఆ మూడులో మీ మనిషి ముఖం గుర్తు తెచ్చుకుని చిన్నగా నవ్వండి. నవ్వు ముందు, మాట తర్వాత.
2. మొదటి టేకు పారేయడానికే. తప్పులొచ్చినా ఆపకుండా చివరిదాకా వెళ్లండి.
3. మొదటి అర నిమిషం చూసుకోండి, వెలుతురు, శబ్దం కోసం మాత్రమే. ఎలా మాట్లాడానా అని ఇప్పుడు చూడకండి.
4. రెండో టేకు, మూడో టేకు. తప్పు వస్తే ఆపకండి. ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యాన్ని మొదటినుంచి చెప్పండి. కత్తిరించేటప్పుడు చప్పట్లు ఎక్కడున్నాయో ధ్వని గీతలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.
5. చివరి మాట అయ్యాక మూడు సెకన్లు లెన్స్‌నే చూడండి. చాలామంది "అయిపోయిందా?" అన్నట్టు ముఖం పెట్టి ఫోనుమీదికి వంగుతారు. ఆ ముఖం వీడియోలో మిగిలిపోతుంది.

ఐదో టేకు దాటవద్దు. ఆ తర్వాత తప్పులు తగ్గినా ప్రాణం పోతుంది. నా దగ్గర ఎక్కువమందికి మూడోది కుదిరింది.

12. తరచూ వచ్చే ఇబ్బందులు, మందులు

*మాట మధ్యలో మరిచిపోయాను.* నోరు మూసుకుని లెన్స్ చూడండి, ఊపిరి తీసుకోండి, ముందు వాక్యం మళ్లీ చెప్పండి. "సారీ, సారీ" అనకండి, కత్తిరించడం కష్టమవుతుంది.

*ముఖం బిగుసుకుపోయింది.* ఒక టేకును కావాలని అతిగా, చిన్నపిల్లలకు కథ చెప్పినట్టు చేయండి. వెంటనే మామూలుగా మరొకటి చేయండి. బిగువు సడలుతుంది.

*మరీ వేగంగా వెళ్తున్నాను.* గుర్తుమాటల కాగితం మీద "నెమ్మది" అని రాసుకుంటే పనిచేయదు. ప్రతి అంశం తర్వాత "ఊఁ" అని రాసుకోండి.

*గొంతు ఆరిపోతోంది.* నీళ్లు కుర్చీ పక్కనే, నేల మీద ఉంచుకోండి. బల్ల మీద ఉంటే చేతికి తగిలి మైకు మీద పడుతుంది, ఈ గదిలో అదీ జరిగింది.

*ఇంట్లోవాళ్లు చూస్తుంటే సిగ్గు.* తలుపు వేయండి. లేదా వాళ్లలో ఒకరిని కెమెరా వెనక కూర్చోబెట్టి పని అప్పగించండి. పని ఉన్న మనిషి నవ్వడు.

13. వీడియో ఇంటర్వ్యూ అయితే

పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, కొన్ని మార్పులతో. ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి కెమెరాను కంటి ఎత్తుకు తెండి. మాట్లాడుతున్న వాళ్ల బొమ్మను తెరమీద కెమెరాకు దగ్గరగా, పైకి జరపండి. వాళ్లు మాట్లాడేటప్పుడు వాళ్లనే చూడండి, మీరు మాట్లాడేటప్పుడు కెమెరాను చూడండి. మీ సొంత బొమ్మను దాచేయండి. ఇక్కడ ఊఁ కొట్టేవాళ్లు ఉంటారు గాని మాట ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది. అందుకని ప్రశ్న అయిపోయాక ఒకటి లెక్కపెట్టి మొదలుపెట్టండి, లేకపోతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగుతారు.

14. చూసుకోవడం

అదేరోజు చూడకండి, తెల్లవారి చూడండి. గొంతు వినగానే "ఇది నాది కాదు" అనిపిస్తుంది. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది. రికార్డింగులో రెండోది ఉండదు, అందుకే పలచగా తోస్తుంది. మిగతావాళ్లు మిమ్మల్ని మొదటినుంచీ ఆ గొంతుతోనే వింటున్నారు.

మూడుసార్లు చూడండి. ఒకసారి శబ్దం తీసేసి: చూపు, చేతులు, కూర్చున్న తీరు. ఒకసారి ఫోను బోర్లించి విని: క్రియలు వినపడుతున్నాయా, ఊతపదాలు ఎన్ని. మూడోసారి మామూలుగా. ప్రతిసారీ ఒక్క లోపమే కాగితం మీద రాయండి. మూడింటిలో ఒకటి ఎంచుకుని వచ్చే వీడియోలో దాన్నే సరిదిద్దుకోండి.

మాస్టారు తన మొదటి వీడియోకు రాసుకున్న చీటీ ఇప్పటికీ నా గది గోడకు ఉంది: "త్రికోణం గీసేటప్పుడు కెమెరాకు వీపు పెట్టాను."

రెండో వీడియోలో బోర్డును పక్కకు జరిపారు.